ఢీకొనుట వేరు, చెడగొట్టుట వేరు
బాలల రోబో పోటీలలో దూకుడును, తీర్పును గూర్చి తల్లిదండ్రులకొక పాఠము

హైస్కూలు చదువుతోనే అంగడి గద్దె ఎక్కినవాడను నేను. యంత్రశాస్త్రము నాకు రాదు. అయినను మా చిన్నమ్మాయి చదువు మూలమున రెండేండ్లుగా ఒక క్రొత్త విద్యను కొంచెము తెలిసికొంటిని. తెలిసికొనుటలో ఒక తప్పు కూడ చేసితిని. ఆ తప్పును దాచక చెప్పుటయే ఈ వ్యాసమునకు కారణము. మన ఇండ్లలోని బాలబాలికలు ఈ విద్యలోనికి అడుగు పెట్టుచున్నారు గనుక, నాకు తగిలిన దెబ్బ మరియొకరికి తగులకుండుట మేలు గదా!

ఈ ఆట ఎట్టిది?

రోబో అనగా, ముందుగా నేర్పిన ప్రకారము తానే గాని, దూరము నుండి నడుపువాని చేతిమీటల ప్రకారము గాని పనిచేయు యంత్రము. విద్యార్థులు ఇట్టి యంత్రమును స్వయముగా తయారుచేసి, స్వయముగా నడిపి, ఇతర జట్ల యంత్రములతో పోటీపడుటయే రోబో పోటీ. ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. జపానులో ఎన్.హెచ్.కె. ప్రసార సంస్థవారు 1988లోనే విద్యార్థులకు ఇట్టి పోటీని ఆరంభించిరి. అమెరికాలో డీన్ కామెన్ 1989లో ఫస్ట్ అను సంస్థను స్థాపింపగా, దాని మొదటి రోబో పోటీ 1992లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమున జరిగెను. ఆసియా పసిఫిక్ దేశముల కళాశాలల కొరకు రోబోకాన్ 2002లో టోకియోలో మొదలై, 2008లోను, 2014లోను మన పూణేకు వచ్చెను. 2008 నాటి ఆటకు శ్రీకృష్ణుని ఉట్టికుండలే ఇతివృత్తము. బడిపిల్లల ప్రపంచ రోబోట్ ఒలింపియాడ్ 2016లో ఢిల్లీ ప్రాంతమున జరిగెను. ఆ సంవత్సరమే నీతి ఆయోగ్ వారు అటల్ ఇన్నొవేషన్ మిషన్ ప్రారంభించి, ఎంపికైన ఒక్కొక్క బడికి 20 లక్షల రూపాయల వరకు సహాయముతో అటల్ టింకరింగ్ లాబులు నెలకొల్పసాగిరి. కావున ఈ విద్య నేడు పెద్ద నగరముల సొత్తు మాత్రమే కాదు.

వెక్స్ అనియు, ఫస్ట్ టెక్ ఛాలెంజ్ అనియు పేరుగల బడి పోటీలలో ఆట ఇట్లుండును. పండ్రెండడుగుల చదరపు మైదానము. ఇరువైపుల రెండేసి జట్లు కలిసి ఒక్కొక్క కూటమి. ఆట మొదలగునప్పుడు యంత్రము పొడవు, వెడల్పు, ఎత్తులలో ఏదియు 18 అంగుళములు దాటరాదు. మొదటి కొన్ని సెకన్లు యంత్రములు తమంతట తామే కదలును. ఆ పిమ్మట పిల్లలు మీటలు పట్టి నడుపుదురు. మొత్తము రెండు, రెండున్నర నిమిషములలో ఆట ముగియును. బంతులనో, వలయములనో, దిమ్మెలనో ఎత్తి గమ్యమున వేసిన కూటమికి పాయింట్లు వచ్చును. ఆట ప్రతి సంవత్సరము మారును.

ఇందులో ఒక విశేషమున్నది. మొదటి అంచె పోటీలలో ఈ ఆటకు ఎదురుగా నిలిచిన జట్టే మరుసటి ఆటలో మన కూటమిలోనికి రావచ్చును. ఇప్పుడు ఎవరి యంత్రమును విరుగగొట్టితిమో, గంట గడచిన తరువాత వారి సహాయమే మనకు కావలసి రావచ్చును. బజారులో నేడు పోటీదారుడైన వర్తకుడే రేపు మన సరుకు కొనువాడగుట మనకు తెలిసినదే.

అడ్డుట, హాని చేయుట

ఈ ఆటలను మొదటిసారి చూచు పెద్దలకు గుండె ఝల్లుమనును. ఇనుప యంత్రములు పరుగెత్తి వచ్చి ఒకదానినొకటి ఢీకొనును. ఒకటి మరియొకదానిని మూలకు నెట్టును. "ఇదేమి ఆట? పిల్లలకు కొట్లాట నేర్పుచున్నారా?" అని కొందరడుగుదురు. మరికొందరు దీనికి విరుద్ధముగా "కొట్టు! పడగొట్టు!" అని కేకలు వేయుదురు. ఇరువురును ఆటను సరిగా చూచినవారు కారు.

మన ఊళ్ళలోని చెడుగుడును తలచుకొనుడు. కూతకు వచ్చినవానిని నలుగురు పట్టి పడవేయుదురు. అది తప్పు కాదు, అదియే ఆట. కాని కూత ఆగునట్లు నోరు మూయుట తప్పు. కాళ్ళతో కత్తెర పట్టు వేయుట తప్పు. పట్టుట ఆటలోని భాగము, ఊపిరి తీయుట ఆటకు వెలుపలిది. రోబో పోటీలోను ఇదే గీత ఉన్నది. ఎదుటి యంత్రమునకు దారి అడ్డి, అది బంతిని గమ్యమునకు చేర్చకుండ చేయుట న్యాయమైన ఎత్తు. దానిని కావలెనని బోర్లవేయుట, తీగలు తెంచుట, దానిలో చిక్కుకొని ఈడ్చుట అన్యాయము.

కళాశాలల సాంకేతిక ఉత్సవములలో జరుగు రోబో యుద్ధములతో దీనిని కలుపరాదు. ముంబయి ఐఐటి వారి టెక్‌ఫెస్టు వంటి చోట్ల జరుగు ఆ యుద్ధములలో ఎదుటి యంత్రమును పనిచేయకుండ చేయుటయే లక్ష్యము. అక్కడ ఇరుపక్షములును దానికి ఒప్పుకొనియే బరిలోనికి దిగుదురు. బడిపిల్లల పోటీలో లక్ష్యము పాయింట్లు సంపాదించుట. ఏ ఆటలో దిగితిమో ఆ ఆట కట్టుబాటునే పాటింపవలెను.

అంగడికి ఎదురుగా మరియొక అంగడి వెలసినప్పుడు మనమేమి చేయుదుము? ధర తగ్గింతుము, మంచి సరుకు తెప్పింతుము, తెల్లవారక మునుపే తలుపు తీయుదుము. అతనికి కష్టము కలుగును, అయినను అది పోటీయే. అతని గోదాములోనికి నీళ్ళు వదలినచో అది పోటీ కాదు. ఈ భేదము మన పిల్లలకు బజారులో తెలియుటకు ముందే ఆటలో తెలియుట మంచిది.

యంత్రమునకు ప్రాణము లేదు గనుక దానిని కొట్టిన హింస యేమున్నదని ఒక బాలుడు నన్నడిగెను. మంచి ప్రశ్నయే. ప్రమాదముతో, అనగా ఏమరుపాటుతో, చేసిన ప్రాణఘాతమే హింస యని తత్త్వార్థసూత్రకారుడైన ఉమాస్వాతి చెప్పెను. అక్కడ ప్రాణఘాతముతోబాటు చేయువాని మనఃస్థితి కూడ లెక్కకు వచ్చినది. ఇనుమునకు నొప్పి లేదు. కాని ఇనుమును నడుపు వ్రేళ్ళ వెనుక క్రోధమును, మానమును ఉన్నచో, అవి నడుపువానినే పట్టుకొనును. ఎదుటి జట్టు పిల్లలు నెలల తరబడి రాత్రులు మేల్కొని చేసిన పని ఒక్క దెబ్బతో పోయినప్పుడు వారి కన్నీరు మాత్రము ఇనుము కాదు.

నియమముల లెక్క

నియమావళి ప్రతి సంవత్సరము క్రొత్తగా వచ్చును గనుక ఆ యేటి పుస్తకమునే చూడవలెను. అయినను ముఖ్యమైన సూత్రములు కొన్ని మాటిమాటికి కనబడును.

మొదటిది: ఎదుటి యంత్రమును నాశనము చేయు ఉద్దేశముతో ఆడరాదు. అయితే అడ్డు తగులునని ఎరిగి, దెబ్బకు తట్టుకొను యంత్రమును నిర్మించుకొనవలసిన బాధ్యత కూడ జట్టుదే. బలహీనముగా కట్టుకొని, ఊడిపోయినప్పుడు ఎదుటివానిని నిందించుట చెల్లదు. లారీలో రాయచూరు దాక పోవు సరుకును దారిలో కుదుపులున్నవని తెలిసియే కదా మనము మూట కట్టుదుము!

రెండవది: ఎదుటి యంత్రమును కదలనీయక పట్టియుంచుటకు గడువు ఉన్నది. వెక్స్ ఆటలలో ఆ గడువు అయిదు లెక్కపెట్టునంత. తీర్పరి లెక్కించును. గడువు దాటక ముందే వదలి దూరముగా జరుగవలెను.

మూడవది: ఎదుటివానిని బలవంతముగా తప్పులోనికి నెట్టి, ఆ తప్పునకు వానికి శిక్ష పడునట్లు చేయుట చెల్లదు.

నాలుగవది నాకు చాల నచ్చినది. పాయింట్ల కొరకు పోవు యంత్రమునకును, దానికి అడ్డు వచ్చిన యంత్రమునకును దెబ్బలాట జరిగి, తప్పెవరిదో తేలనప్పుడు, సందేహలాభము పాయింట్ల కొరకు పోవువానికే ఇయ్యవలెనని వెక్స్ నియమము. పని చేయువానికి ఒక పాలు ఎక్కువ, పని ఆపువానికి ఒక పాలు తక్కువ. అడ్డుట తప్పు కాదు, కాని అడ్డువాడు మరింత జాగ్రత్తగా ఉండవలెనని దాని భావము.

అయిదవది: చిన్న తప్పునకు మొదట హెచ్చరిక. అదే తప్పు గెలుపోటములను తారుమారు చేసినచో ఆ జట్టును ఆ ఆటలో అనర్హముగా ప్రకటింతురు. పావు కిలో తేడా పది మూటల బేరములో ఒక తీరు, పావు కిలో కొనువాని బేరములో మరియొక తీరు కదా!

తీర్పరి యనగా ధర్మకాటా

యార్డులో కొనువాడొక తూకము చెప్పును, అమ్మువాడొక తూకము చెప్పును. ఇద్దరును ధర్మకాటా వద్దకు పోవుదురు. కాటా ఎవరి ముఖమును చూడదు. రోబో పోటీలో రెఫరీ, అనగా తీర్పరి, అట్టివాడు. మంచి తీర్పరికి నేను గమనించిన లక్షణములు ఇవి. అతడు ఆటకు ముందే ఏది తప్పో అందరికి ఒకే తీరున చెప్పును. లెక్కించునప్పుడు చేయి ఊపుచు అందరికి కనబడునట్లు లెక్కించును. ఉదయము మొదటి ఆటలో విడిచిపెట్టిన తప్పునకు సాయంత్రము ఫైనలులో శిక్ష వేయడు. ఓడినవారిపై జాలితోగాని, గెలుచువారిపై అభిమానముతోగాని లెక్కను సాగదీయడు. ఏ నియమము ప్రకారము తీర్పిచ్చెనో అడిగినచో చెప్పగలడు.

మన బళ్ళారివారికి తీర్పరి విలువ క్రొత్తది కాదు. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడునప్పుడు బళ్ళారి తాలూకా ఎటు చేరవలెనను వివాదము పుట్టెను. ఇరు పక్షముల వాదనలు విని నివేదిక ఇచ్చుటకు హైదరాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎల్.ఎస్. మిశ్రా గారిని నియమించిరి. ఆ సంవత్సరము అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరెను. ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రలో చేరెను. తీర్పు అందరికి ఇష్టమైనదని చెప్పలేము. కాని ఆ తరువాత కూడ మన అంగళ్ళలో రెండు భాషలును వినబడుచునే యున్నవి. ఆదోని పత్తి బేరములు సరిహద్దు దాటి సాగుచునే యున్నవి. తీర్పునకు కట్టుబడుటవలన వచ్చు లాభమిదియే. ఓడినవాడు కూడ మరునాడు అంగడి తెరువవచ్చును.

నేను చేసిన తప్పు

ఇక నా సంగతి. మా అమ్మాయి బడి జట్టు బెంగుళూరులో ఒక పోటీకి వెళ్ళెను. నేనును వెంట పోయితిని. మధ్యాహ్నపు ఆటలో మావారికి రెండు మూడు పాయింట్లే తక్కువ. చివరి ఘడియలలో ఎదుటి యంత్రము మావారి యంత్రమును మూలకు నెట్టి నిలిచెను. నేను గ్యాలరీలో కూర్చుండి లెక్కించితిని: ఒకటి, రెండు... ఏడు! తీర్పరి మాత్రము నాలుగు వరకే వ్రేళ్ళు చూపెను. అంతలో ఆ యంత్రము వెనుకకు తగ్గెను. గంట మ్రోగెను. మావారు ఓడిరి.

నాకు ఆగలేదు. చేతిలోని ఫోనులో ఆట అంతయు పట్టియుంటిని. మెట్లు దిగి, తాడు దాటి, మైదానము అంచుకు పోయి తీర్పరిని నిలదీసితిని. అతడు ఇరువదిరెండేండ్లు దాటని కళాశాల కుర్రవాడు. నేను కన్నడములో గట్టిగానే మాట్లాడితిని. అతడు చేతులు జోడించి, "సార్, ఇక్కడ యంత్రము నడిపిన విద్యార్థులే అడగాలి, పెద్దలు అడగకూడదు. వీడియో మేము చూడము, అది నియమము" అని శాంతముగా చెప్పెను. "పసిపిల్లకేమి తెలుస్తుంది, నన్ను చెప్పనీ!" అంటిని. అప్పుడతడు మరియొక మాట చెప్పెను. జట్టుకు చెందిన పెద్దల ప్రవర్తన కూడ జట్టు లెక్కలోనికే వచ్చునట. నేనింకొక మాట అన్నచో హెచ్చరిక నాకు కాదు, పిల్లలకు పడును.

మా అమ్మాయి ముఖము వాడిపోయెను. ఆమె నన్ను ప్రక్కకు జరిపి, తీర్పరిని అడిగెను: "సార్, లెక్క ఎప్పుడు మొదలుపెట్టినారు?" అతడు చెప్పెను: మొదట కొంతసేపు యంత్రము మూలలో ఉన్నను తిరుగగలుగుచుండెను, దారి ఉండెను, పూర్తిగా కదలలేని క్షణము నుండియే లెక్క. "సరే సార్, థాంక్యూ" అని ఆమె వెనుకకు వచ్చెను. ఎదుటి జట్టువారితో చేయి కలిపెను. నేను తలవంచుకొని నిలుచుంటిని.

రాత్రి రైలులో చాలసేపు ఆమె మాట్లాడలేదు. గుంతకల్లు దగ్గరపడుచుండగా మెల్లగా అడిగెను: "నాన్నా, మన అంగట్లో కాటా తూగేటప్పుడు ఎవరైనా వచ్చి పళ్లెం మీద చెయ్యి పెడితే మీరు ఊరుకుంటారా?"

నేను జవాబు చెప్పలేకపోతిని. మరునాడు అంగడిలో ఒంటరిగా ఆ వీడియో పెట్టి గడియారముతో చూచితిని. నేను ఏడు అనుకొన్నది నాలుగున్నర సెకన్లు! ఆ తీర్పరి లెక్క సరియైనది. నా బిడ్డ చిక్కుకొన్నప్పుడు నా గుండె వేగముగా కొట్టుకొనెను. నేను ఆ గుండెతో లెక్కించితిని. పక్షము గలవాని లెక్క ఎప్పుడును ముందుకు పరుగెత్తును. అతడు అబద్ధమాడుచున్నాడని కాదు, వానికి నిజముగా అట్లే తోచును. ఒక్క వైపు నుండి చూచిన చూపు పూర్తి సత్యము కాదని చిన్ననాటి నుండి వినుచున్న మాట నాకు ఆనాడు అర్థమయ్యెను.

వీడియోను ఎందుకు చూడరు? తీర్పరి తప్పు చేసినచో?

ఈ ప్రశ్న న్యాయమైనదే. ఫస్ట్ వారి పెద్ద పోటీలోను, వెక్స్‌లోను ప్రధాన తీర్పరి వీడియో చూచి తీర్పు మార్చుట లేదు. నాకు తోచిన కారణములు రెండు. ఒకటి, అందరి వద్ద ఒకే తీరు వీడియో ఉండదు. ఖరీదైన కెమెరా, మంచి స్థలము గలవారి మాటయే చెల్లిపోవును. రెండు, ఒక దినములో పదుల కొలది ఆటలు జరుగును. ప్రతి ఆట వద్ద ఆగినచో పోటీ ముగియదు.

తీర్పరులు మనుష్యులు. పొరబాటు పడుదురు. దానికి కూడ మార్గమున్నది. ఫలితము వెలువడిన వెంటనే విద్యార్థియే మర్యాదగా ప్రశ్నింపవచ్చును. ఫస్ట్ పోటీలో దానికై ప్రత్యేకముగా ప్రశ్నల స్థలము గీచియుండును. ఏ నియమమో చూపి అడిగినచో తీర్పరి తన తీర్పును సరిదిద్దుకొనవచ్చును. నియమములోనే సందేహమున్నచో నిర్వాహక సంస్థకు వ్రాసి అడుగవచ్చును. ఆ జవాబులు అందరికి తెలియునట్లు ప్రకటింతురు. ఇన్ని తలుపులు తెరచియుండగా గోడ దూకవలసిన పని లేదు.

విద్యార్థియే అడుగవలెనను నియమమును నేను మొదట తప్పుపట్టితిని. ఇప్పుడు దానినే మెచ్చుకొనుచున్నాను. మా అమ్మాయి వంటి పదునైదేండ్ల బాలిక, ఓడిన క్షణమున, కన్నీరు ఆపుకొని, తనకంటె పెద్దవానిని, కోపము లేక, సరియైన ప్రశ్న ఒక్కటి అడుగగలిగెను. బళ్ళారి యార్డులో ముప్పదియేండ్లుగా వ్యాపారము చేయుచున్న నాకు ఆనాడు అది చేతగాలేదు. ఎం.ఐ.టి. ఆచార్యుడు ఉడీ ఫ్లవర్స్ ఈ పోటీలలో ప్రచారము చేసిన భావము ఇదియే: గట్టిగా పోటీపడుము, పోటీపడుచునే ఎదుటివానిని గౌరవింపుము.

మన సంఘము చేయదగినది

మన వర్తకులు విద్యకు ధనము ఇయ్యుటలో వెనుదీయరు. జట్టుకు యంత్ర సామగ్రి కొనియిత్తురు, పోటీకి కప్పులిత్తురు. అది మంచిదే. కాని కప్పు ఇచ్చినవాడు తీర్పు ఇయ్యరాదు, తీర్పరి చెవిలో మాట చెప్పరాదు. తన బిడ్డ ఆడు ఆటకు తండ్రిగాని, ఉపాధ్యాయుడుగాని తీర్పరిగా నిలువరాదు. చిన్న పట్టణములలో మనుష్యులు తక్కువగుటచే ఇట్టివి జరుగును. కావున కప్పులతోబాటు తీర్పరుల శిక్షణకు కూడ కొంత వెచ్చింపవలెను. ఇదివరలో పోటీలలో ఆడిన కళాశాల విద్యార్థులను పిలిచి, నియమావళి చదివించి, ప్రయాణపు ఖర్చు ఇచ్చి గౌరవించుట గొప్ప సహాయము. తిట్టు తిని ఇంటికి పోయిన తీర్పరి మరుసటి యేడు రాడు. తీర్పరి లేని చోట బలవంతుడే తీర్పరి యగును.

యంత్రమును పిల్లలే చేయవలెనను నియమము కూడ ఉన్నది. తండ్రి డబ్బిచ్చి ఇంజనీరు చేత చేయించిన యంత్రము గెలిచినచో, గెలిచినది డబ్బే.

మా జట్టు ఆ యేడు పై పోటీకి పోలేదు. తిరిగి వచ్చిన వారమే పిల్లలు బడి లాబులో కూర్చుండి, మూలలో తమ యంత్రము ఎందుకు చిక్కుకొనెనో చూచిరి. చక్రములు జారుచున్నవని కనుగొనిరి. చక్రములు మార్చిరి, అడుగు పట్టీని గట్టిపరచిరి. నన్ను మాత్రము, "నాన్నా, ఈసారి కూడా రండి. పైనే కూర్చోండి" అని మా అమ్మాయి పిలిచినది. పోయెదను, పైననే కూర్చుండెదను.

పిల్లలతో కూర్చుండి చర్చింపదగిన ప్రశ్నలు

1. దారి అడ్డుటకును, యంత్రమును చెడగొట్టుటకును భేదమేమి? మీ ఆటలో నుండి ఒక్కొక్క ఉదాహరణము చెప్పుము.

2. తప్పెవరిదో తేలనప్పుడు సందేహలాభము ఎవరికి ఇయ్యవలెను? ఎందుకు?

3. నీవు చేసిన తప్పును తీర్పరి చూడకపోయినచో నీవేమి చేయుదువు?

4. ఓడిన వెంటనే తీర్పరిని ఒక్క ప్రశ్నయే అడుగవచ్చునన్నచో, ఏమని అడుగుదువు?

5. పెద్దలకు: మీ బిడ్డ యంత్రము చిక్కుకొన్నప్పుడు మీరు లెక్కించునది గడియారముతోనా, గుండెతోనా?